అంచెలంచెలుగా వచ్చిన ఉత్తరం

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ పక్కన నార్త్ పోల్ అనే చిన్న పట్నం ఉంది. పేరుకే ఉత్తర ధ్రువం. అసలు ధ్రువం అక్కడి నుంచి ఇంకా 2,700 కిలోమీటర్ల పైమాటే. 1967లో డాన్ నెల్సన్, జెన్ నెల్సన్ అనే మిషనరీ దంపతులు ఆ ఊళ్లో కేజేఎన్‌పీ అనే రేడియో స్టేషన్ పెట్టారు. పగలు ప్రార్థనలు, పాటలు, వార్తలు. రాత్రి తొమ్మిది దాటాక చదివే మనిషి చీటీల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఫలానా నది ఎగువన ఉన్నవాళ్లకు: అమ్మకు ఆపరేషన్ బాగా జరిగింది, దిగులు పడొద్దు. ఫలానా సరస్సు దగ్గరున్నవాళ్లకు: వాతావరణం బాగాలేదు, విమానం గురువారం దాకా రాదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, బిడ్డ పుట్టిన వార్త, కిరోసిన్ పంపిస్తున్నామన్న కబురు, అన్నీ ఈ తీరులోనే ఒకదాని వెనక ఒకటి గాలిలోకి వెళ్తాయి.

ఆ కార్యక్రమం పేరు ‘ట్రాప్‌లైన్ చాటర్’. ట్రాప్‌లైన్ అంటే బొచ్చు జంతువుల కోసం వేటగాళ్లు అడవిలో ఉచ్చులు పన్నుకుంటూ పోయే దారి. ఒక్కో దారి పదుల కిలోమీటర్లు ఉంటుంది. దాని మీద అక్కడో ఇక్కడో దుంగలతో కట్టిన ఒంటిగది ఇల్లు. కరెంటు తీగ రాదు, ఫోను తీగ రాదు, రోడ్డు రాదు. ఉన్నదల్లా కట్టెల పొయ్యి, లాంతరు, బ్యాటరీతో నడిచే రేడియో. చలి మైనస్ నలభైకి దిగిన రాత్రి ఆ రేడియో ముందు కూర్చుని తన పేరు వస్తుందేమోనని చెవి ఒగ్గి వినడం అక్కడ తరాల అలవాటు.

ఇలాంటి కార్యక్రమం అలాస్కాలో ఇదొక్కటే కాదు. గ్లెన్నాలెన్‌లోని కేసీఏఎం స్టేషన్ వాళ్లది ‘కారిబూ క్లాటర్స్’, హోమర్‌లోని కేబీబీఐ వాళ్లది ‘బుష్‌లైన్స్’. సరిహద్దు దాటితే కెనడా రేడియో ఇంకా ముందే ఈ పని మొదలుపెట్టింది. 1933 నుంచే ‘నార్తర్న్ మెసెంజర్’ పేరుతో ఆర్కిటిక్‌లోని పోలీసులకు, బొచ్చు వ్యాపారులకు, మిషనరీలకు ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించింది. ఇందులో గుట్టంటూ ఏమీ ఉండేది కాదు. ఎవరి కబురైనా అందరూ వినేవాళ్లు. అడవిలో ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరి పడవ ఇంజను చెడిందో రెండొందల మైళ్ల అవతల ఉన్నవాడికి కూడా తెలిసేది. విన్నవాడు తిరిగి జవాబు చెప్పే వీలు లేదు. పంపినవాళ్లకు అది అందిందో లేదో తెలిసే దారీ లేదు. అయినా కబురు కబురే.

ఇవాళ అలాంటి గదుల్లో కొన్నింటికి ఈమెయిల్ వస్తోంది. అది ఎలా వచ్చిందన్న కథ చెప్పాలంటే కంప్యూటర్ దగ్గర మొదలుపెడితే సగం కథే తెలుస్తుంది. ఎప్పటినుంచో తెలుగులో ఉన్న ఒక మాట దగ్గర మొదలుపెట్టాలి: అంచె. టపా మోసేవాడు పరుగెత్తి వచ్చి ఆగే చోటు అంచె. అక్కడ ఇంకొకడు సంచి అందుకుని తర్వాతి అంచె దాకా పరుగెత్తుతాడు. కన్నడంలో ఆ మాటకు ఏకంగా తపాలా అనే అర్థం స్థిరపడింది. తిరువాన్కూరు సంస్థానం తన తపాలా శాఖను ‘అంచల్’ అంది. తెలుగువాళ్లు మాత్రం టపా సంగతి మరిచిపోయి ‘అంచెలంచెలుగా’ అనే మాట ఒక్కటి దాచుకున్నారు. సందేశం ఒక చోట ఆగుతుంది, దారి తెరుచుకునేదాకా ఓపికపడుతుంది, తెరుచుకోగానే ముందుకు సాగుతుంది. అలాస్కా టపా చరిత్ర అంతా ఇదే. ఈమెయిల్ పుట్టుక కూడా ఇదే.

బంగారం కోసం జనం ఎగబడిన కాలంలో, అంటే 1890ల చివర, 1900ల మొదట్లో, అలాస్కా లోపలి ఊళ్లకు శీతాకాలం టపా కుక్కల బండ్ల మీద వెళ్లేది. ఒక రోజు ప్రయాణానికి ఒకటి చొప్పున దారి పొడుగునా రోడ్‌హౌస్‌లు ఉండేవి. మన అంచెలే అవి. టపా బండి వస్తుంటే మిగతా బండ్లు మంచులోకి తప్పుకుని దారి ఇవ్వాలి. రోడ్‌హౌస్‌లో పొయ్యికి దగ్గరి చోటు, మంచి పడక టపా తోలేవాడివే. ఉత్తరానికి ఆ దేశంలో ఉన్న మర్యాద అది.

1925 జనవరిలో నోమ్ పట్నంలో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాక్టరు కర్టిస్ వెల్చ్ మందు కావాలని టెలిగ్రాఫ్‌లో మొరపెట్టుకున్నాడు. కబురు వెంటనే వెళ్లింది, మందు మాత్రం వెంటనే రావడానికి దారి లేదు. రైలు మందును నెనానా దాకా తేగలదు. అక్కడి నుంచి నోమ్ 674 మైళ్లు. ఇరవై మంది తోలేవాళ్లు, నూట యాభై దాకా కుక్కలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఆ మందు అందించుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. ఆఖరి అంచె తోలిన గునార్ కాసెన్ బండికి ముందు నడిచిన బాల్టో అనే కుక్క పేరు ప్రపంచమంతా మోగింది. అందరికంటే కష్టమైన, పొడవైన అంచె లియోన్‌హార్డ్ సెప్పాలాది, అతని కుక్క టోగోది. ఆ రెండో పేరు కూడా అంతే గట్టిగా మోగి ఉండాల్సింది.

అప్పటికే విమానం రంగంలోకి దిగింది. 1924 ఫిబ్రవరి 21న కార్ల్ బెన్ ఐల్సన్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెగ్రాత్‌కు టపా సంచితో ఎగిరాడు. కుక్కల బండికి మూడు వారాలకు దగ్గరగా పట్టే దారి అది. అతనికి మూడు గంటల్లోపే పట్టింది. తిరుగు ప్రయాణంలో చీకటి పడిపోయింది. నేల మీద మంటలు వేసి దారి చూపిస్తే దిగాడు గానీ విమానం దెబ్బతింది. ఇలాంటి దెబ్బలు మరికొన్ని తగిలి, ఎనిమిది ప్రయాణాల తర్వాత తపాలా శాఖ ఆ ఒప్పందం ఆపేసింది. కుక్కలకు ఇంకొన్నాళ్లు పని దొరికింది. కొన్నాళ్లంటే చాలా ఏళ్లే. బేరింగ్ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవిలో సవూంగా నుంచి గాంబెల్ దాకా చెస్టర్ నూంగ్‌వూక్ కుక్కల బండి మీద టపా మోస్తూనే ఉన్నాడు. ఆ దారి 1963లో ఆగింది. అమెరికా తపాలాలో కుక్కలు లాగిన ఆఖరి దారి అదే. అంతరిక్షంలోకి మనిషి వెళ్లి వచ్చిన రెండేళ్లకు కూడా కుక్కలు ఉత్తరాలు మోశాయన్నమాట.

ఆ కాలపు ఒంటరి గది ఎలా ఉండేదో తెలియాలంటే రిచర్డ్ ప్రొయెన్నెకె గదిని చూడాలి. వడ్రంగం, మెకానిక్ పని తెలిసిన ఆయన యాభై దాటాక 1968లో ట్విన్ లేక్స్ ఒడ్డుకు చేరి, చేతి పనిముట్లతో దుంగలు చెక్కి గది కట్టుకున్నాడు. అవసరమైన పనిముట్లకు పిడులు కూడా అక్కడే చెక్కుకున్నాడు. దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే గడిపాడు. ఇప్పుడా గది లేక్ క్లార్క్ జాతీయ ఉద్యానవనంలో ఉంది, తలుపు తోసి చూసి రావచ్చు. ఆయన టపా బేబ్ ఆల్స్‌వర్త్ అనే పైలట్ చిన్న విమానంలో తెచ్చిపెట్టేవాడు. ఎండాకాలం విమానానికి తెప్పలు కట్టి నీటి మీద దిగేవాళ్లు, చలికాలం స్కీలు కట్టి మంచు మీద దిగేవాళ్లు. నడుమ రెండు గడ్డు కాలాలు ఉంటాయి. శరత్తు చివర సరస్సు గడ్డకట్టేటప్పుడు, వసంతంలో కరిగేటప్పుడు. తెప్పలకు నీళ్లు చాలవు, స్కీలకు మంచు చాలదు. వారాల తరబడి ఏ విమానమూ దిగలేదు. రాసిన ఉత్తరాలు గదిలో పేరుకునేవి, రావాల్సినవి అక్కడ ఊళ్లో పేరుకునేవి. విమానం చప్పుడు వినపడ్డ రోజు పండగ.

ఆ కాలంలోనే పల్లెలకు ఉపగ్రహం వచ్చింది. 1970ల మొదట్లో నాసా ఏటీఎస్-1 ఉపగ్రహం మీదుగా పల్లెల ఆరోగ్య కార్యకర్తలు రోజూ డాక్టర్లతో మాట్లాడి మందులు రాయించుకునేవాళ్లు. 1975లో అలాస్కా శాసనసభ 50 లక్షల డాలర్లు కేటాయించి, పాతికమందికి తగ్గకుండా జనం ఉన్న ప్రతి పల్లెలో ఉపగ్రహ కేంద్రం ఉండాలని పట్టుబట్టింది. మంచి పని. కానీ ఒకరో ఇద్దరో ఉన్న గది పల్లె కాదు కదా. పాతికమంది లెక్కకు అందని వాళ్లందరికీ రేడియో కబుర్లే దిక్కయ్యాయి.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. రే టామ్లిన్సన్ 1971లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఉత్తరం పంపినప్పుడు @ గుర్తును చిరునామాలో పెట్టాడు. ఆ గుర్తు అందరికీ తెలుసు. దాని పక్కనే పెరిగిన ఇంకో చిరునామా పద్ధతిని మాత్రం మరిచిపోయారు. 1970ల మధ్యలో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ యూయూసీపీ అనే ప్రోగ్రామ్ రాశాడు. ఎడతెగని తీగ అక్కర్లేదు. రాత్రి ఫోను ఛార్జీలు తగ్గాక ఒక కంప్యూటర్ ఇంకోదానికి ఫోన్ చేసి, పోగుపడ్డ ఉత్తరాలు ఇచ్చి, రావాల్సినవి పుచ్చుకుని ఫోన్ పెట్టేస్తుంది. మర్నాటి రాత్రి అది ఇంకోదానికి ఫోన్ చేస్తుంది. ఈ పద్ధతిలో చిరునామా అంటే మనిషి ఉన్న చోటు కాదు, అక్కడికి చేరే దారి. మొదటి కంప్యూటర్ పేరు, ఆశ్చర్యార్థకం, రెండో కంప్యూటర్ పేరు, ఆశ్చర్యార్థకం, అలా వరసగా రాసి చివర మనిషి పేరు రాయాలి. ఉత్తరం మీద అంచెల జాబితా రాసి పంపడమే ఇది. 1980ల రెండో సగంలో ఎర్నెట్ పేరుతో ఐఐటీల్లో, బెంగళూరు ఐఐఎస్సీలో, బొంబాయి ఎన్‌సీఎస్‌టీలో మొదలైన మన దేశపు తొలి ఈమెయిల్ కూడా ఇలా ఫోన్ చేసి అందుకున్నదే.

1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ నియమాలతోనే ఈమెయిల్ ఇప్పటికీ నడుస్తోంది. వాటి తర్వాత వచ్చిన ప్రమాణాల్లో ఒక సూచన ఉంది. అవతలి యంత్రం పలకకపోతే ఉత్తరాన్ని వెనక్కి తిప్పేయకూడదు. ఆగి మళ్లీ ప్రయత్నించాలి, మళ్లీ ఆగాలి, కనీసం నాలుగైదు రోజులు ఆశ వదలకూడదు. సరస్సు గడ్డకట్టేదాకా ఆగే పైలట్ ఓర్పే అది. ఈమెయిల్‌కు క్షణంలో జవాబు రావాలని ఆశించడం నగరాలు తర్వాత నేర్పిన అలవాటు. పుట్టుకతో అది తీగలు తెగే చోటుకు, అప్పుడప్పుడే దారి తెరుచుకునే చోటుకు తగ్గ ఉత్తరం. అడవి గదికి ఈమెయిల్ వెళ్లిందంటే అది సొంత ఇంటికి వెళ్లినట్టే.

ఆ ఇంటికి దారి వేసినవాళ్లలో విక్ పూర్ ఒకడు. టెక్సస్‌లోని డేటాపాయింట్ కంపెనీ కోసం ఆయన మరొకరితో కలిసి చేసిన రూపకల్పనే ఇంటెల్ 8008 చిప్‌కు ఆధారమైంది. ఇవాళ్టి పర్సనల్ కంప్యూటర్ల వంశవృక్షం తవ్వుకుంటూ పోతే ఆయన పేరు దగ్గర ఆగుతుంది. అంత పని చేసిన మనిషి రిటైరయ్యాక తెరచాప పడవెక్కాడు. నడి సముద్రంలో ఉత్తరాలు ఎలా అందుకోవాలన్న యావ పట్టుకుంది. ఆయనకు హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు సొంతంగా నడుపుకునే రేడియో, లైసెన్సు ఉండేది. ఏపీలింక్ అనే ప్రోగ్రామ్, దాని తర్వాత విన్‌లింక్ అలా పుట్టాయి. 2000 నాటికి అది ఇంటర్నెట్‌తో ముడిపడి, పడవ నుంచో అడవి నుంచో రేడియోలో పంపిన ఉత్తరం మామూలు ఈమెయిల్ డబ్బాలో పడేంత దూరం వచ్చింది. డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా నడిపే హామ్‌ల చేతుల మీదుగా ఇప్పటికీ నడుస్తోంది.

ఒక గదిలో ఆ పని ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే బాగుంటుంది. రెండు స్ప్రూస్ చెట్ల మధ్య రాగి తీగ కట్టి ఉంటుంది, అదే యాంటెనా. బల్ల మీద హెచ్‌ఎఫ్ రేడియో, పక్కన పాక్టర్ మోడెమ్, పాత ల్యాప్‌టాప్. పాక్టర్ జర్మనీ హామ్‌లు 1990ల మొదట్లో తయారుచేసిన పద్ధతి. ఒక ముక్క పంపుతుంది, ఆగుతుంది, అవతలివాడు సరిగ్గా అందిందంటే రెండో ముక్క పంపుతుంది, లేదంటే అదే ముక్క మళ్లీ పంపుతుంది. గదిలో కూర్చున్నవాళ్లకు అది పిట్టల కిచకిచలా వినపడుతుంది. ఇటు కిచ్ అంటే అటు కిచ్. తొలి పాక్టర్ వేగం సెకనుకు 200 బిట్లు. ఒక పేజీ ఉత్తరం పోవడానికి రెండు మూడు నిమిషాలు. ఫొటో పంపాలన్న ఆలోచనే రాకూడదు. రేడియో కూసేంతసేపు 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకని ముందే ఉత్తరాలన్నీ రాసి పెట్టుకుని, ఒక్కసారి రేడియో వేసి, పంపాల్సినవి పంపి, రావాల్సినవి దింపుకుని ఆపేస్తారు. బ్యాటరీ చలికి గడ్డకట్టకుండా గదిలోనే, పొయ్యికి మరీ దగ్గర కాకుండా పెట్టుకుంటారు.

ఈ హెచ్‌ఎఫ్ తరంగాలు భూమికి పైన ఉండే అయనోస్ఫియర్ పొరకు తగిలి కిందికి వంగుతాయి. అందుకే వేల మైళ్లు పోగలవు. ఆ పొర సూర్యుడి చెప్పుచేతల్లో ఉంటుంది. సూర్యుడి మీద తుఫాను రేగితే అలాస్కా ఆకాశంలో ఆకుపచ్చ వెలుగుల అరోరా ఆడుతుంది. చూడటానికి కళ్లు చాలవు. ఆ రాత్రి రేడియోలో మాత్రం గాలి చప్పుడు తప్ప ఏదీ వినపడదు. ఉత్తరాలు ఆగిపోతాయి, ఒక్కోసారి రోజుల తరబడి. హామ్ నియమాలు కూడా ఉన్నాయి. వ్యాపారం కుదరదు, రహస్య లిపి కుదరదు. వినగలిగినవాడు ఎవడైనా చదవొచ్చు. ట్రాప్‌లైన్ చాటర్ వినేవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. ఇంకోటి కూడా ఉంది. 5167.5 కిలోహెర్ట్జ్ అనే ఒక పౌనఃపున్యాన్ని అలాస్కాలో ఆపద వేళల కోసం ప్రత్యేకంగా ఉంచారు. అడవిలో ఉండేవాళ్లు ఆ అంకెను ఇంటి నంబరులా గుర్తుపెట్టుకుంటారు.

ఆపదలో రేడియో ఏం చేస్తుందో తెలుగునేలకు తెలుసు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడటానికి వెళ్లిన బృందం అది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆ రేడియోలే దీవులకు, ప్రధాన భూభాగానికి మధ్య కబురు మోసే అంచెలయ్యాయి. ఎవరు బతికి ఉన్నారో, ఎవరి ఆచూకీ తెలియడం లేదో ఆ మాటల మీదే తెలిసింది.

అంచెను ఆకాశంలోనే పెడితే? ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో మార్టిన్ స్వీటింగ్ బృందం ఆ పని చేసింది. 1984 మార్చి 1న ఎగిరిన యూఓశాట్-2 అనే చిన్న ఉపగ్రహం ఒక చోట ఉత్తరం అందుకుని, తన జ్ఞాపకంలో దాచుకుని, భూమి చుట్టూ తిరిగి ఇంకో చోట దింపగలదని నిరూపించింది. 1990 జనవరిలో వెళ్లిన యూఓశాట్-3 ఈ పనిలో ఇంకా ఆరితేరింది. సుమారు 800 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరుగుతూ భూమిని వంద నిమిషాలకోసారి చుట్టేది. కింద ఉన్నవాడికి అది దిగ్మండలం మీద తేలి, మళ్లీ మునిగేదాకా పదీ పదిహేను నిమిషాలు. ఆలోపే ఇచ్చిపుచ్చుకోవాలి. అణు యుద్ధానికి వ్యతిరేకంగా వైద్యులను కూడగట్టిన బెర్నార్డ్ లౌన్ అనే గుండె డాక్టరు స్థాపించిన శాటెల్‌లైఫ్ సంస్థ దీన్ని ఆఫ్రికా ఆసుపత్రులకు ఉత్తరాలు, వైద్య పత్రికల సమాచారం చేర్చడానికి వాడింది. ఫోను కలవని ఊళ్లో డాక్టరు గడియారం చూసుకుంటూ ఉపగ్రహం కోసం ఎదురుచూసేవాడు, బస్సు కోసం చూసినట్టు.

బస్సు అన్నది ఊరికే వచ్చిన పోలిక కాదు. బెంగళూరు నుంచి హిందూపురం వచ్చే దారిలో దొడ్డబళ్లాపురం తగులుతుంది. 2003 ప్రాంతంలో ఆ తాలూకాలో డాక్‌నెట్ అనే ప్రయోగం జరిగింది. పల్లె కియోస్కులో జనం రాసిన దరఖాస్తులు, ఉత్తరాలు కంప్యూటర్‌లో ఆగి ఉంటాయి. ఆర్టీసీ బస్సులో ఒక చిన్న వైఫై పెట్టె. బస్సు ఊళ్లోకి వచ్చి జనాన్ని ఎక్కించుకునే ఆ కాసేపట్లో కియోస్కు తన కట్ట బస్సుకు అందిస్తుంది, బస్సు తెచ్చినవి కియోస్కుకు అందిస్తుంది. తాలూకా కేంద్రానికి చేరాక అవి తీగ ఎక్కుతాయి. భూముల రికార్డుల ‘భూమి’ పథకానికి దాన్ని వాడి చూశారు. డ్రైవరు చేయాల్సిందేమీ లేదు, రోజూ వెళ్లే దారిలో వెళ్లడమే. అదే ఏడు కంబోడియాలోని రతనకిరి కొండల్లో హోండా మోటారు సైకిళ్ల మీద అవే పెట్టెలు సోలార్ పలకలతో నడిచే బడులకు ఈమెయిల్ మోశాయి. ఎర్రమట్టి దారుల్లో వర్షాకాలం ఆ బళ్లు నడపడం ఎంత పనో అలాంటి దారి తొక్కినవాళ్లకే తెలుసు.

నేపాల్‌లో నాంగి అనే కొండ ఊరి కథ వీటన్నిటికంటే గుండెకు దగ్గరగా ఉంటుంది. మ్యాగ్ది జిల్లాలో రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఆ ఊరికి అప్పట్లో రోడ్డు లేదు. అక్కడ పుట్టిన మహావీర్ పున్ అమెరికాలో చదువుకుని తిరిగొచ్చి బడి పనిలో పడ్డాడు. 1997లో ఆస్ట్రేలియా విద్యార్థులు నాలుగు పాత కంప్యూటర్లు పంపారు. వాగులో చిన్న జల విద్యుత్ యంత్రాలు పెట్టి వాటికి కరెంటు ఇచ్చాడు. ఈమెయిల్ చూడాలంటే మాత్రం నెలకోసారి కొండ దిగి, బస్సెక్కి పోఖరా వెళ్లాల్సిందే. ఫోను తీగ తెచ్చుకునే స్తోమత ఊరికి లేదు. 2001లో ఏదైనా ఉపాయం చెప్పమని బీబీసీకి ఉత్తరం రాశాడు. అది ప్రసారమయ్యాక ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు స్వచ్ఛందంగా వచ్చారు.

మావోయిస్టు తిరుగుబాటు రోజులవి. వైర్‌లెస్ సామాన్ల మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పరికరాలు రహస్యంగా తెచ్చుకున్నారు. టీవీ డిష్‌లను మార్చి యాంటెనాలుగా వాడారు, ఎత్తైన చెట్టు కొమ్మలకు కట్టారు. శిఖరం మీద ఒక అంచె, అక్కడి నుంచి ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరంలో కనపడే పోఖరా. అంచె యంత్రాలకు సోలార్ పలకలు, చిన్న గాలిమరలు. 2003 నాటికి నాంగికి, చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ వచ్చింది. జడల బర్రెల కాపరులు ఇళ్లతో, వ్యాపారులతో మాట్లాడారు. గేదె అమ్మకం కూడా నెట్‌వర్క్ ఎక్కింది. 2007లో పున్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. శిఖరం మీద చెట్టుకు వైఫై కట్టిన మనిషికి అంతకంటే తగిన గౌరవం ఉండదు.

మళ్లీ అలాస్కాకు. 1998 నవంబరులో ఇరిడియం ఫోన్లు వచ్చాయి. 66 ఉపగ్రహాలు, అన్నీ ధ్రువాల మీదుగా పోయేవే, కాబట్టి ఉత్తర దేశంలో బాగా అందుతాయి. కంపెనీ ఏడాది తిరక్కుండానే దివాలా తీసింది, తర్వాత చేతులు మారి నిలబడింది. వేగం సెకనుకు 2,400 బిట్లు. నిమిషానికి డాలర్లు. మాటలు తూచి రాసే పాత టెలిగ్రామ్ అలవాటు మళ్లీ వచ్చింది. ఇళ్ల మీద పెట్టే పెద్ద డిష్‌లతో ఇంకో తంటా. భూమధ్యరేఖ పైన నిలబడ్డట్టు కనిపించే ఉపగ్రహాలు ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి చూస్తే దక్షిణాన సుమారు 15 డిగ్రీల ఎత్తులో, చెట్ల కొనల మీద వేలాడుతుంటాయి. హైదరాబాద్‌లో డిష్ ఆకాశం వైపు చూస్తుంది, అలాస్కాలో ఎదురింటి గోడ వైపు చూస్తున్నట్టుంటుంది. ఎదురుగా ఒక్క కొండ ఉన్నా ఉత్తరం లేదు. గది ఎక్కడ కట్టాలో నీళ్లతో పాటు దక్షిణ దిక్కు కూడా చూసుకునే రోజులొచ్చాయి.

2022 నవంబరులో స్టార్‌లింక్ అలాస్కాకు చేరింది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు వేల కొద్దీ ఉన్నాయి, కొండ అడ్డొస్తే ఇంకోటి అందుకుంటుంది. ఒక్క దెబ్బతో ఆ ఒంటిగదికి నగరంలోని ఇంటర్నెట్టే వచ్చేసింది. ఇప్పుడు అడ్డం కొండ కాదు, కరెంటు. ఆ డిష్ నడిచినంతసేపు యాభై అరవై వాట్లు తింటుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో డిసెంబరు 21న పగలు నాలుగు గంటలు కూడా ఉండదు, ఉన్న ఎండ చెట్ల మాటునే పోతుంది. సోలార్ పలకలు మంచు కప్పుకుని ఊరికే ఉంటాయి. జనరేటరుకు పెట్రోలు కావాలి, పెట్రోలు విమానంలోనో స్నోమొబైల్ మీదో రావాలి. కాబట్టి చాలామంది అదే పాత పని చేస్తారు. ఉత్తరాలు ముందే రాసి పెట్టుకుంటారు, రోజుకు ఒక గంట జనరేటరు వేస్తారు, వచ్చినవి దింపుకుంటారు, రాసినవి పంపుతారు, ఆపేస్తారు.

జనరేటరు కూడా లేని గదులు ఇంకా ఉన్నాయి. అలాంటి గదిలో ఉన్న తమ్ముడికి ఫ్లోరిడాలోని అక్క కబురు పంపాలంటే ఇప్పుడు రేడియో స్టేషన్‌కు ఫోన్ చేయనక్కర్లేదు. ఈమెయిల్ రాస్తే చాలు. అది క్షణంలో నార్త్ పోల్ పట్నానికి చేరుతుంది. స్టేషన్‌లో దాన్ని మిగతా చీటీల కట్టలో చేరుస్తారు. రాత్రి తొమ్మిది దాటాక చదివే మనిషి దాన్ని గట్టిగా చదువుతాడు. ఆ ప్రసారం మంచు కొండల మీదుగా వెళ్లి ఒక చిన్న బ్యాటరీ రేడియోలో పలుకుతుంది. పొయ్యిలో కట్టె సవరిస్తున్నవాడు తన పేరు విని చేయి ఆపుతాడు.